నూట పదిహేడో డబ్బా

మార్చి 4

తిండి పుస్తకాలు ఇరవై మిగిలాయి. ప్రెస్సువాడు ఎక్కువ వేసేశాడు. ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ప్రతి పేజీకీ మూడు గళ్లు: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. అడుగున సన్నటి గీత, దాని కింద "ఇతర వివరాలు". గళ్లను పట్టించుకోకుండా అడ్డంగా రాస్తున్నాను. ఎవరికీ చూపించేది కాదు, రాత ఎలా ఉన్నా ఫరవాలేదు.

"అబద్ధాలు రాయకండి. తిన్నదే రాయండి. ఎవరూ తిట్టరు" అని ఈ పుస్తకం ఇచ్చేటప్పుడు ప్రతివాళ్లకీ చెప్తాను. అందరూ తలూపుతారు. పుస్తకాల్లో మాత్రం ఊరంతా ఆకుకూరలే తింటూ బతుకుతోంది. సాయంత్రం పూట వేయించిన మాంసం కొట్టు ముందు వరసలో నిలబడేది ఎవరో మరి, వాళ్లు మన ఊరివాళ్లు కాదేమో.

నా వాటాకి ఇప్పుడు ఇరవై మూడు మంది. సగం మందికి వారానికో సంచీ ఇస్తాం: పప్పులు, పొట్టు తీయని గింజలు, కాయగూరలు. మిగతా సగం రోజూ తినేదే తింటారు. మూడు నెలలకోసారి అందరి దగ్గరా శాంపిల్ తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకి తెస్తాను. తిండి మారితే పేగుల్లో బ్యాక్టీరియా ఎలా మారుతుందో, దానికీ పేగు క్యాన్సర్‌కీ సంబంధం ఏమిటో చూడటం మా మేడం పని. డబ్బాలు మోయడం నా పని. లోపల ఉన్నదాని పేరు ఎవరూ నోటితో అనరు. "అది రెడీగా ఉంది" అంటారు. "అది ఇవాళ రాలేదు" అంటారు. కొత్తవాళ్లు పెట్టె చూసి ఐస్‌క్రీం అనుకుంటారు. పోయిన వారం ఒకావిడ వెనిల్లా ఉందా అని అడిగింది. లేదన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు మూడో అంతస్తు మెట్ల మీద రెండుసార్లు ఆగాను. ఎండలు ముదిరాయి.

మార్చి 9

ఇతర వివరాలు: ఇవాళ కొంచెం రక్తం. మొలలే. కూర్చుని కూర్చుని వస్తాయంటారు. నేను కూర్చునేదెక్కడ, పొద్దస్తమానం తిరుగుడే. అయినా మొలలే.

మార్చి 17

దర్జీ మాస్టారు డబ్బా ఖాళీగా తిరిగిచ్చాడు. ఇది మూడోసారి.

"నావల్ల కావట్లేదు తమ్ముడూ. ఆ డబ్బా చూస్తే చాలు, ఎక్కడిదక్కడే ఆగిపోతోంది" అన్నాడు. మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు. పెద్ద మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. జనవరిలో మొదటి శాంపిల్ క్లినిక్‌లోనే ఇచ్చాడు కాబట్టి గండం గడిచింది. ఇప్పుడు ఇంట్లో ఇవ్వాలి.

వెనక గదిలోంచి ఆయన భార్య అందుకుంది. "అది తెచ్చి నా ఫ్రిజ్జులో పెడతానంటే ఊరుకుంటానా? పాలెక్కడ పెట్టుకోను?"

"ఫ్రిజ్జు అక్కర్లేదమ్మా, నేను పెట్టె తెస్తాను."

"నీ పెట్టె నీ దగ్గరే ఉంచుకో నాయనా."

రెండో శాంపిల్ రాకపోతే మాస్టారి పేరు కొట్టేస్తారు. సంచీ కూడా ఆగిపోతుంది. పప్పులు తినడం మొదలుపెట్టాక కడుపు తేలిగ్గా ఉందని మొన్ననే అన్నాడు. నావాళ్లలో ఇప్పటికే నలుగురు మానేశారు. "ఐదో మనిషి కూడా పోతే నీ సంగతి ఆలోచించాల్సి వస్తుంది" అని ఆఫీసు మేనేజరు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

డబ్బా మీద లేబుల్ అంటించే ఉంది. నంబరు 117. రేపు పది గంటలకల్లా ల్యాబులో ఉండాలి.

మార్చి 18

117 ఇచ్చేశాను.

మాస్టారిది కాదు. ఎవరిదైతేనేం, మనిషిదే కదా. అక్కడ వందల డబ్బాలున్నాయి, ఒక్కదాని వల్ల లెక్క తప్పిపోదు. మాస్టారి సంచీ ఆగకూడదనే చేశాను.

పొద్దున మా ఆవిడ, మా అమ్మాయి చిన్నది లేవకముందే బాత్రూంలో గడియ వేసుకున్నాను. చేతికి తొడుగు, చెంచా, డబ్బా. అందరికీ నేర్పే పద్ధతిలోనే చేశాను. ఎర్రగా ఉన్న చోటి నుంచి తీయనక్కర్లేదు. అక్కడి నుంచే తీశాను. ఎందుకో తెలియదు.

ఈ విడతలో బ్యాక్టీరియాతో పాటు రక్తం పరీక్ష కూడా చేస్తారన్న సంగతి నాకు గుర్తు లేదు.

మార్చి 19

గుర్తు లేదు అని నిన్న రాశాను. నిజంగానే గుర్తు లేదు.

మార్చి 20

నిజంగానే.

ఏప్రిల్ 1

ప్యాంట్లు జారుతున్నాయి. రెండు తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. టేపు నడుం చుట్టూ తిప్పి, పెన్సిల్ చెవిన పెట్టుకుని, మళ్లీ తిప్పాడు.

"ముప్పై నాలుగు. జనవరిలో ముప్పై ఆరున్నర. ఏం తమ్ముడూ, ఇంట్లో తిండి పెట్టట్లేదా?"

"తిరుగుడెక్కువైంది మాస్టారూ."

"ముప్పై ఏళ్లుగా నడుములు కొలుస్తున్నాను. తిరిగితే తగ్గే నడుం ఇలా ఉండదు. ఎవరికైనా చూపించుకోరాదూ."

సరేనన్నాను. ఆయన రెండో శాంపిల్ అందిందని, పేరు ఉంచారని చెప్పాను. "నేనివ్వలేదే?" అన్నాడు. పాత దాంతో సర్దేశారన్నాను. ఆయన చేతులెత్తి దండం పెట్టినంత పని చేశాడు. నాకేమీ అనిపించలేదు.

ఏప్రిల్ 8

మేడం పిలిచారు. మా వాళ్లు ఆమెని చాటుగా "కావచ్చు మేడం" అంటారు. మాంసం ఎక్కువ తింటే పేగు క్యాన్సర్ వస్తుందా అంటే "రిస్క్ పెరగవచ్చు" అంటారు. పీచు ఎక్కువ తింటే రాదా అంటే "తగ్గవచ్చు". దీనికంతటికీ ఆ బ్యాక్టీరియానే కారణమా అంటే "కొంత కావచ్చు". ఏదీ తెగేసి చెప్పరు. చదువుకున్నవాళ్లు అంతే అనుకునేవాణ్ని.

"117లో రక్తం కనిపించింది" అన్నారు. "క్యాన్సర్ గడ్డల దగ్గర ఎక్కువగా దొరికే బ్యాక్టీరియా కూడా ఇతనిలో కాస్త ఎక్కువే ఉంది. దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. కానీ రక్తాన్ని వదిలెయ్యలేం. పేగు కెమెరా పరీక్ష వెంటనే చేయించాలి. ఉత్తరం నువ్వే పట్టుకెళ్లి నెమ్మదిగా చెప్పు. అతను దర్జీ కదా?"

"అవును మేడం."

దొంగకి తేలు కుట్టినట్టుంది నా పని. అరవడానికి లేదు. ఉత్తరం జేబులో పెట్టుకుని టీ తాగాను. టీ బాగానే ఉంది.

ఏప్రిల్ 9

ఇచ్చాను. మాస్టారు రెండుసార్లు చదివాడు. మిషన్ పెడల్ మీద కాలు అలాగే ఉంది, తొక్కలేదు.

"నేనిచ్చిన పాత దాంట్లోనా?"

"అందులోనే."

"నాకేం తెలియట్లేదే తమ్ముడూ. నొప్పి లేదు, ఏమీ లేదు."

"ఉత్తినే చూస్తారంతే మాస్టారూ. చాలామందికి ఏమీ ఉండదు."

ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఫ్రిజ్జు గురించి ఏమీ అనలేదు.

ఏప్రిల్ 12

ఆలోచించాను. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, మొలలున్నా రక్తం పడుతుంది, ఆ పరీక్షకి తేడా తెలియదు. రెండోది, తిండి మారితే బ్యాక్టీరియా మారుతుంది. అది మేడమే చెప్పారు. పీచు తిని బతికే మంచి బ్యాక్టీరియా పేగు గోడకి బలమిచ్చేది తయారు చేస్తుందట. పీచు దొరక్కపోతే అది తగ్గిపోయి ఇంకోటి పెరగవచ్చట. అంటే ఇది నా చేతిలో పనే. మానేసినవాళ్ల సంచీలు స్టోరులో ఊరికే పడున్నాయి. ఒకటి ఇంటికి తెచ్చాను.

ఉదయం: గింజల జావ. మధ్యాహ్నం: ఉడికించిన బీన్సు, క్యాబేజీ. రాత్రి: మళ్లీ అదే. మాంసం బంద్. ఇవాళ్టి నుంచి ఈ పుస్తకంలో గళ్లు కూడా నింపుతున్నాను. అబద్ధం ఒక్కటీ లేదు.

"ఏమిటీ కొత్త భక్తి?" అంది మా ఆవిడ. ఆమె నీళ్ల ఆఫీసులో ఫోన్లు తీస్తుంది. పైపు పగిలిందని, కుళాయిలో బురదొస్తోందని జనం తిట్టే తిట్లన్నీ రోజంతా వింటుంది. ఇంటికొచ్చాక ఎవరి మాటా వినే ఓపిక లేదంటుంది. నాకది వీలుగానే ఉంది.

"ఆఫీసులో అందర్నీ తినమన్నారు" అన్నాను.

నాన్నకి వచ్చింది కడుపునొప్పి. అది వేరే సంగతి.

ఏప్రిల్ 15

ఉదయం జావ. మధ్యాహ్నం బీన్సు. రాత్రి బీన్సు. రక్తం లేదు.

ఏప్రిల్ 16

ఉంది. బీట్‌రూట్ తిన్నాను కదా, దానిదై ఉంటుంది.

ఏప్రిల్ 17

బీట్‌రూట్ తినలేదు. తిన్నానని ఎందుకు రాశానో.

ఏప్రిల్ 22

మాస్టారి కెమెరా పరీక్ష ఇవాళ. తోడు రమ్మన్నాడు, వెళ్లాను. నిన్నంతా ఆ మందు నీళ్లు తాగి, రాత్రంతా తిరిగి, పీల్చేసిన చెరకు పిప్పిలా ఉన్నాడు. ఆసుపత్రి గౌను వెనక తాళ్లు కట్టుకోవడం చేతకాలేదు. నేను కట్టాను.

"తమ్ముడూ, తేడాగా వస్తే మా ఆవిడకి నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

లోపలికి తీసుకెళ్లారు. బయట బల్ల మీద కూర్చున్నాను. గోడ మీద పేగు బొమ్మ ఉంది, గులాబీ రంగులో. దాన్ని చూడకుండా ఎదుటి గోడ మీద గడియారం చూశాను. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది.

డాక్టర్ బయటికొచ్చి, "క్లీన్. ఏమీ లేదు. పదేళ్ల దాకా నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు.

గుండెల మీద బరువు దిగిపోయింది. నిజంగా. దారిలో కేకు కొన్నాను. మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కాను. కాదు, ఒకసారి ఆగాను.

"ఏమిటి విశేషం?" అంది మా ఆవిడ.

"రిపోర్టు వచ్చింది. క్లీన్."

"ఎవరి రిపోర్టు?"

చాకు కోసం వంటింట్లోకి వెళ్లాను. చిన్నదానికి పెద్ద ముక్క కోసిచ్చాను. పద్నాలుగేళ్లొచ్చినా క్రీమే ముందు తింటుంది.

ఏప్రిల్ 23

117 క్లీన్. ఇక ఆ గొడవ ముగిసింది. పదేళ్ల దాకా నిశ్చింత.

ఏప్రిల్ 27

కొంచెం ఎక్కువ. నల్లగా కూడా. కానీ క్లీన్ అన్నారు కదా. డాక్టరే అన్నాడు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాలు రుచిగానే ఉంటాయేమో దానికి.

మే 6

మేడం గదిలో కంప్యూటర్ నిండా రంగుల గీతలు. రెండు వరసలు.

"ఇటు చూడు. ఇది దర్జీ గారి జనవరి శాంపిల్. ఇది మార్చిది. కెమెరాలో ఏమీ లేదనేసరికి అనుమానమొచ్చి పక్కపక్కన పెట్టాను."

చూశాను. నాకు గీతలే కనిపించాయి.

"తిండి మారిస్తే కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. ఇంట్లో సామాను అటూ ఇటూ జరిగినట్టు. ఇక్కడ ఇల్లే మారిపోయింది. ఇవి ఇద్దరు మనుషులవి."

"కావచ్చు" అనలేదు. నా వైపు చూస్తున్నారు.

"ల్యాబులో డబ్బాలు తారుమారయ్యాయా, నీ పెట్టెలోనా?"

"తెలియదు మేడం."

"ఎవరి తప్పన్నది తర్వాత చూద్దాం. రక్తం పోతున్న మనిషి ఒకరున్నారు. ఏడు వారాలైంది. వాళ్లకి ఆ సంగతి తెలియదు. ఎవరిదిది?"

"తెలియదు మేడం."

రెండుసార్లు అన్నాను. గొంతు మామూలుగానే ఉంది.

మే 7

ఉదయం: జావ. మధ్యాహ్నం: గుర్తు లేదు. రాత్రి: గుర్తు లేదు.

మే 8

ఉత్తరాలు తయారయ్యాయి. మాస్టారు పోను మిగిలిన ఇరవై రెండు మందిలో ఎవరిదో తెలియదు కాబట్టి అందరికీ మళ్లీ పరీక్షట. "మీలో ఒకరి శాంపిల్‌లో రక్తం కనిపించింది, అది ఎవరిదో తేలలేదు, దయచేసి వెంటనే రండి" అని మర్యాదగా రాశారు. పంచి రమ్మని నాకే ఇచ్చారు. ఎవరింటి గంట ఎన్నిసార్లు నొక్కాలో నాకే తెలుసు కదా.

మొదటి ఇల్లు రొట్టెల దుకాణం ఆవిడది. ముగ్గురు పిల్లలు, ఆఖరిది చంకలో. పిండి చేతులతోనే ఉత్తరం తీసుకుని నిలబడి చదివింది. తర్వాత బస్తా మీద కూలబడింది.

"నేనేనా అన్నా?"

"కాదమ్మా. మీరు కాదు."

"నీకెలా తెలుసు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది. "ఊరికే అన్నాను, ధైర్యానికి" అన్నాను. ఆవిడ ధైర్యం తెచ్చుకోలేదు. పిల్లని దించి, నీళ్లు తాగి, నెల కింద తనకి కడుపులో నొప్పొచ్చిన రోజులన్నీ లెక్క చెప్పడం మొదలుపెట్టింది. చివరికి, "పిల్లలకి ఇంకా ఏమీ తెలియదన్నా" అంది.

ఇలాంటివి ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి సంచీలో. ప్రతి గుమ్మం దగ్గరా ఇదే మాట అడుగుతారు. ప్రతి ఒక్కరికీ "మీరు కాదు" అని చెప్పగలిగినవాణ్ని ఊళ్లో నేనొక్కణ్నే.

రెండో ఇంటికి వెళ్లలేదు. మాస్టారి కొట్టుకి వెళ్లాను.

మే 8, ఇంకా

మాస్టారు చొక్కా కాలరు కత్తిరిస్తున్నాడు. చెప్పేశాను. డబ్బా ఖాళీగా ఇచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన కత్తెర ఆగలేదు. కాలరు పూర్తిగా కత్తిరించి, దుమ్ము దులిపి, పక్కన పెట్టాడు.

"అంటే నీ దానికి నా లోపలికి కెమెరా పంపించావు."

"అవును మాస్టారూ."

"రెండు వారాలు మా ఆవిడ ముద్ద ముట్టలేదు. పక్కన పడుకుని ఏడిస్తే నాకు వినపడదనుకుంది. నేను పోతే ఈ మిషన్ ఎవరికివ్వాలో కాగితం రాసి సొరుగులో పెట్టాను."

వంగి, కింద పడ్డ గుడ్డ పేలికలు ఏరుతున్నాను.

"గౌను తాళ్లు కట్టావు. పక్కనే కూర్చున్నావు. పో అవతలికి. నా కొట్టు గడప తొక్కకు."

లేచాను. మెట్టు దిగాను. వెనక నుంచి కేకేశాడు.

"ఆగు. మరి నువ్వు చూపించుకున్నావా?"

"లేదు."

"నాది క్లీనొచ్చి ఎన్ని రోజులైంది?"

"పదహారు."

"పదహారు రోజులు! ఓరి దున్నపోతా! నాది శుభ్రంగా ఉంటే నీది శుభ్రమవుతుందా? నేను స్నానం చేస్తే నీ మురికి పోతుందా?" గుడ్డ ముక్క విసిరికొట్టాడు. అది నా దాకా రాలేదు. "నడుం కొలిచినప్పుడే నాకు తెలుసు. నోరు మూసుకున్నాను, నాదీ తప్పే. ఇప్పుడు ఇంటికిపోయి మీ ఆవిడకి చెప్పు. రేపు పొద్దున్నే మీ మేడం దగ్గరికి నేనూ వస్తాను. నువ్వొక్కడివే వెళ్తే మధ్యలో ఎక్కడో టీ తాగి తిరిగొచ్చే రకం."

మే 8, సాయంత్రం

చిన్నది ట్యూషన్‌కి వెళ్లాక చెప్పాను. మా ఆవిడ గిన్నెలు తుడుస్తోంది.

"ఎప్పటి నుంచి?"

"మార్చి నుంచి."

గిన్నె పక్కన పెట్టింది. "నిజం చెప్పండి."

"జనవరి."

"నిజం."

"పోయిన అక్టోబరు."

పక్కన పెట్టిన గిన్నె మళ్లీ తీసి తుడిచింది. తర్వాత అంది: "ఎవరింటి ముందో చుక్క నీళ్లు కారితే ముక్కూమొహం తెలియనివాళ్లు నాకు ఫోన్ చేసి చెప్తారు. నా ఇంట్లో ఏడు నెలల నుంచి రక్తం పోతుంటే నాకు చెప్పేవాళ్లు లేరు."

తువ్వాలు కుర్చీ మీద పడేసి బాల్కనీలోకి వెళ్లింది. నేను మిగిలిన గిన్నెలు తుడిచాను. ఏమీ అనిపించలేదని రాయబోయాను. అలా రాసి రాసి చెయ్యి అలవాటు పడింది.

మే 9

మేడం కుర్చీలోంచి లేచారు. తిడతారనుకున్నాను. ముందు కెమెరా పరీక్షకి చీటీ రాశారు, ఆసుపత్రికి స్వయంగా ఫోన్ చేశారు, తర్వాత కూర్చుని మాస్టారికి క్షమాపణ చెప్పారు. ఆయనకి ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియలేదు.

నాతో అన్నారు: "ఉద్యోగం సంగతి నువ్వడగక ముందే చెప్తున్నాను, అది ఉండదు. నీ శాంపిల్ ఒక్కటే కాదు, నువ్వు తెచ్చినవన్నీ తీసేయాలి. ఏడాది కష్టం. అది పక్కన పెట్టు. ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా?"

ఈ ప్రశ్న నేను వందల మందిని అడిగాను. జవాబు చెప్పడం ఇదే మొదలు.

"నాన్న కడుపునొప్పితో పోయారు మేడం. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు. అప్పటికాయనకి నలభై ఆరు."

"నీకెంత?"

"నలభై నాలుగు."

ఆమె రాసుకున్నారు. నేను అడగాలనుకున్నది అడిగేశాను. "నెల రోజుల నుంచి పప్పులు, గింజలు, కూరలే తింటున్నాను మేడం. ఒక్క రోజు తప్పలేదు. రాసుకున్నాను కూడా. ఏమైనా తగ్గి ఉంటుందా?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మంచి తిండి గడ్డ రాకుండా కొంత కాపాడవచ్చు. వచ్చిన గడ్డని తినెయ్యదు. అక్టోబరులోనే వచ్చి ఉండాల్సింది."

మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి లేపాడు. ఉత్తరాలు వెనక్కిచ్చేశాను. రొట్టెల దుకాణం ఆవిడకి ఫోన్ చేసి మీరు కాదు అని మళ్లీ చెప్పాను. ఈసారి ఎలా తెలుసో కూడా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టింది. తర్వాత "ఆరోగ్యం జాగ్రత్త అన్నా" అని పెట్టేసింది.

మే 13

మాస్టారు కొట్టు మూసుకుని వచ్చాడు, మందు నీళ్లు ఎలా తాగాలో చెప్పడానికి. "చల్లగా చెయ్యి. ముక్కు మూసుకో. వాసన చూశావా చచ్చావే. బాత్రూంలో కుర్చీ ఏదైనా ఉంటే ముందే తీసేయ్, అడ్డం పడతావు." కాగితం మీద టైములు రాసి గోడకి గుండుసూదితో గుచ్చిపోయాడు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆయన భార్య గ్లాసుడు నిమ్మరసం పంపింది, ఫ్రిజ్జులో పెట్టుకోమంది.

మే 14

అదే బల్ల. అదే గడియారం. ఒక పక్క మా ఆవిడ, ఒక పక్క మాస్టారు.

నర్సు బయటికొచ్చి మాస్టార్ని గుర్తుపట్టింది. "మళ్లీ మీరేనా? మొన్ననే బాగుందన్నారు కదా!"

"నాది నిజంగానే బాగుందమ్మా" అన్నాడు మాస్టారు. నా వైపు చూపించలేదు.

"మరి పేషెంట్ ఎవరు?"

"నేను" అన్నాను.

మే 14, తర్వాత

గడ్డ ఉంది.

మే 19

స్కానింగ్ రిపోర్టు వచ్చింది. లివర్‌కి పాకలేదు. పేగులో కొంత ముక్క తీసేసి కలుపుతారు. ఆ తర్వాత తీసిన దాన్ని చూసి మందులు కావాలా వద్దా చెప్తారట. డాక్టర్ బొమ్మ గీసి చూపించాడు. మా ఆవిడ ప్రశ్నలు రాసుకుని వచ్చింది, పదకొండు. నేను బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. చిన్నది కూడా కొన్నేళ్లకి చూపించుకోవాలట, మామూలువాళ్ల కన్నా ముందే. ఆ మాట ఒక్కటే గట్టిగా వినిపించింది.

మే 23

ఆపరేషన్ ఇవాళ పదకొండింటికి. తెల్లవారుజామున స్నానం చేయించి మంచం మీద కూర్చోబెట్టారు. ఈ పుస్తకం తెచ్చుకున్నాను. మూడు గళ్లూ ఖాళీ. నీళ్లు కూడా వద్దన్నారు.

మా ఆవిడ ఆసుపత్రి ఫారం నింపుతోంది. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, మందులేమైనా పడవా. ఒక్కోటి పైకి చదివి అడుగుతుంది, నేను చెప్తాను, రాస్తుంది. అలా మొదటి పేజీ అయిపోయింది. రెండో పేజీ తిప్పి, "ఇంకా ఏమైనా ఇబ్బందులున్నాయా అని ఉంది. ఏం రాయను?" అంది.

లేవు అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"భయంగా ఉంది" అన్నాను. "చాలా భయంగా ఉంది. నాకు నాన్నలా పోవాలని లేదు."

ఆమె పెన్ను పడేసింది. నా రెండు చేతులూ పట్టుకుని, "హమ్మయ్య" అంది. అని, వార్డులో అందరూ చూస్తున్నా పట్టించుకోకుండా భోరుమని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్క మంచం పెద్దాయన భార్య మా ఇద్దరికీ మధ్యలో టవలొకటి పెట్టి వెళ్లింది.

పదిన్నర అయింది. ఇంకో అరగంటలో వచ్చి తీసుకెళ్తామన్నారు.